చటుక్కున, రివ్వున: చురుకైన కదలికకు ఇంగ్లీషు క్రియలు

(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



గిల్బర్ట్ వైట్ ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతంలోని సెల్బోర్న్ అనే పల్లెలో పుట్టాడు. ఆ చుట్టుపక్కల చర్చిల్లోనే గురువుగా పనిచేసి, ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. పుట్టింది 1720లో, పోయింది 1793లో. తన ఊరి పిట్టల గురించీ పురుగుల గురించీ వాతావరణం గురించీ ఇద్దరు మిత్రులకు ఆయన రాసిన ఉత్తరాలు 1789లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో డేన్స్ బారింగ్టన్‌కు 1778 ఆగస్టు 7న రాసిన ఉత్తరం ఒకటుంది. పిట్టల సంగతి తెలిసినవాడు రంగునూ ఆకారాన్నీ బట్టే కాదు, కదిలే తీరును బట్టి కూడా వాటిని పోల్చుకోగలగాలని అందులో అంటాడు. అని ఊరుకోలేదు. తన కళ్ళెదుట తిరిగే పిట్టల్ని ఒక్కొక్కటే తీసుకుని, దేని నడక ఏమిటో దేని ఎగురుడు ఏమిటో వరసగా రాసుకుంటూ పోయాడు.

కెస్ట్రెల్ అనే చిన్న డేగ గాలిలో ఒకేచోట వేలాడుతూ రెక్కలాడిస్తుందన్నాడు. స్వాలో పిట్టలు నేలనూ నీటినీ ఒరుసుకుంటూ పోతూ ఉన్నట్టుండి మలుపు తిరుగుతాయన్నాడు. వడ్రంగిపిట్ట రెక్కలు విప్పుతూ ముడుస్తూ అలలా లేస్తూ దిగుతూ పోతుందన్నాడు. ఏటిగట్టుల్లో గూళ్ళు తవ్వే మార్టిన్ పిట్టది సీతాకోకచిలుకలా తడబడే ఎగురుడన్నాడు. లకుముకి దగ్గరికి వచ్చేసరికి ఆయన వాడిన క్రియ డార్ట్. ఆ లకుముకి మన కాలవగట్ల మీద కరెంటు తీగలెక్కి కూర్చునే చిన్న నీలి లకుముకే. రెండు దేశాల్లోనూ ఒకటే జాతి. అందుకని ఆయన చూసిందేమిటో మనం వెళ్ళి సరిచూసుకోవచ్చు.

నేను ఈ సాయంత్రం మాట్లాడబోయేది ఆ క్రియ గురించీ దాని చుట్టాల గురించీ. డార్ట్, ఫ్లిట్, ఫ్లటర్, ఫ్లికర్, స్కిమ్, స్కటిల్, స్కరీ, హోవర్. చురుగ్గా, తేలిగ్గా, తటాలున జరిగే కదలికలకు ఇంగ్లీషులో ఇలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. మన పిల్లలు నిఘంటువు తెరిస్తే వీటిలో చాలావాటికి దొరికే అర్థం ఒకటే: వేగంగా కదులు. ఆ అర్థం చదివిన పిల్లవాడికి ఎనిమిది మాటలకు బదులు ఒక్క మాటే మిగులుతుంది. నిజానికి వీటిలో ఏ రెండూ ఒకటి కావు. ప్రతి క్రియ వెనకా ఎవరో నిలబడి, ఓపిగ్గా చూసి గుర్తుపెట్టుకున్న కదలిక ఒకటుంది. ఆ చూపు మనకు పట్టుబడితే మాట దానంతటదే వస్తుంది.

మనం ఎవరిని తలచుకోవడానికి ఇక్కడ కూడామో ఆ మాస్టారు డిగ్రీ తరగతుల్లో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ ఈ సంగతే పట్టుకున్నారు. ఆయన తరగతిలో వేగంగా అనే మాటకు చోటు లేదు. ఎవరైనా ఆ జవాబు చెబితే కోప్పడేవారు కాదు, ప్రశ్నలు వేసేవారు. ఎక్కణ్ణుంచి బయల్దేరింది? ఎక్కడ ఆగింది? మధ్యలో ఎన్నిసార్లు వాలింది? నేలను తాకిందా? కాళ్ళున్నాయా, ఉంటే ఎన్ని? ఒక్కసారే కదిలిందా, మళ్ళీ మళ్ళీనా? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ పోతే క్రియలు వాటంతటవే విడివిడిగా నిలబడేవి. ఈ ఉపన్యాసాన్ని నేను ఆ ప్రశ్నల మీదే నిలబెడుతున్నాను.

డార్ట్‌తో మొదలుపెడదాం. ట్యూబ్‌లైటు పక్కన గోడ మీద బల్లిని చూడండి. కదలదు. పురుగు వాలుతుంది. అయినా కదలదు. తల ఒక్క రవ్వ తిప్పుతుంది. తర్వాత మన కంటికి కనబడేది బల్లి ఉన్న కొత్త చోటు మాత్రమే, మధ్యలోని దారి కనబడదు. పురుగు నోట్లో ఉంటుంది, బల్లి మళ్ళీ కదలదు. డార్ట్ అంటే ఇదే. ఈ చివరా నిశ్చలమే, ఆ చివరా నిశ్చలమే, నడుమ ఒకే ఒక్క తిన్నని గీత. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు డార్ట్ క్రియ కాదు, చేత్తో విసిరే చిన్న ఈటె పేరు. విసిరేదాకా చేతిలో కదలకుండా ఉంటుంది, గురి తగిలాక దిగబడి ఉంటుంది. ఆయుధానికున్న ఆ లక్షణమంతా క్రియలోకి దిగింది. అందుకే కళ్ళు కూడా డార్ట్ అవుతాయి. భయపడ్డ మనిషి చూపు ఈ ముఖం మీద ఆగి, ఆ తలుపు మీదికి పోయి ఆగుతుంది. ఏనుగు ఎంత వేగంగా పరుగెత్తినా డార్ట్ కాలేదు, ఎందుకంటే దాని బరువు మన కంటికి ఆనుతూనే ఉంటుంది.

బోల్ట్ కూడా ఆయుధం పేరే. మొద్దు తల ఉన్న పొట్టి బాణాన్ని బోల్ట్ అనేవాళ్ళు. కానీ బోల్ట్ క్రియగా మారాక దానికి గమ్యం పోయింది. బెదిరిన గుర్రం బోల్ట్ అవుతుంది, వల తెగ్గొట్టుకున్న కుందేలు బోల్ట్ అవుతుంది. ఎక్కడికి పోతోందో దానికే తెలియదు, ఉన్నచోటు నుంచి తప్పించుకోవడమే దానికి కావాలి. లకుముకి చేప కోసం డార్ట్ అవుతుంది, చేప దానికి దొరక్కుండా బోల్ట్ అవుతుంది. ఒకే క్షణంలో, ఒకే నీటిలో రెండు కదలికలు, రెండూ పాత ఆయుధాల పేర్లే. మాస్టారు ఈ జంటను చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే సంతోషం నాకిప్పటికీ గుర్తే.

ఫ్లిట్ కథ వేరు. మనలో పెద్దవాళ్ళకు ఈ మాట దోమల మందు పేరుగా తెలుసు. పాతకాలం ఇళ్ళలో ఫ్లిట్ కొట్టడమంటే రేకు పంపుతో మంచాల కింద మందు చల్లడం. అమెరికా చమురు కంపెనీ ఒకటి అమ్మిన మందు పేరది. క్రియగా ఫ్లిట్ చాలా పాతది. ఉత్తరాది సముద్రాల మీద వచ్చిన వైకింగుల నార్స్ భాషలో ఫ్లిత్యా అంటే మోసుకెళ్ళడం, ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం. ఇంగ్లండు ఉత్తరభాగంలోనూ స్కాట్లండులోనూ ఫ్లిట్ అంటే ఇప్పటికీ ఇల్లు మారడమే. అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను సర్దుకుని పోవడాన్ని వెన్నెల ఫ్లిట్ అంటారు. మంచాలు, పెట్టెలు, వంటసామాను బండికెక్కించే అంత బరువైన మాట, కాలం గడిచేకొద్దీ గబ్బిలం రెక్కంత తేలికైపోయింది.

జాన్ క్లేర్ అనే కవి ఈ పాత అర్థాన్ని పట్టుకున్నాడు. ఆయన నార్తాంప్టన్‌షైర్‌లో హెల్ప్‌స్టన్ అనే ఊళ్ళో 1793లో ఒక వ్యవసాయ కూలీ కొడుకుగా పుట్టాడు. 1820లో మొదటి పుస్తకం వచ్చింది. కీట్స్‌ను ప్రచురించిన జాన్ టేలరే క్లేర్‌నూ ప్రచురించాడు. ఊరివాళ్ళ మాటలు నగరం పాఠకులకు తెలియవని ఆ పుస్తకం చివర చిన్న పదకోశం జతచేశారు. 1832లో క్లేర్ కుటుంబం హెల్ప్‌స్టన్ వదిలి నార్త్‌బరో వెళ్ళింది. దూరం మూడు మైళ్ళే. అయినా పుట్టిన ఊరు వదలడం ఆయన్ను కుంగదీసింది. ఆ బాధలోంచి వచ్చిన కవిత పేరు ది ఫ్లిటింగ్. పిట్టల కదలికలను ఎంతో దగ్గరగా చూసిన కవి, పొదల్లో పిట్టలకు నిత్యం వాడే క్రియనే తన కవితకు పేరుగా పెట్టాడు. అక్కడ దాని అర్థం సామాను సర్దుకుని ఇల్లు వదలడం. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు రెండు అర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి.

ఇప్పుడు పిట్టకు వాడే ఫ్లిట్ చూడండి. మందార చెట్టులో తేనెపిట్ట ఈ రెమ్మ మీద ఒక్క క్షణం, ఆ పువ్వు దగ్గర ఒక్క క్షణం, మళ్ళీ వెనక్కి. దూరం జానెడో బారెడో. డార్ట్‌లో ఒక్క గీత ఉంటే ఫ్లిట్‌లో ఎన్నో చిన్న గీతలు, ఎన్నో చిన్న వాలడాలు. దేనికి తిరుగుతోందో మనకు అంతుబట్టదు. మనసులో మెదిలి పోయే ఆలోచనకు ఫ్లిట్ వాడటం ఈ గుణం వల్లే.

ఫ్లటర్, ఫ్లికర్ అనే రెండింటినీ కలిపి చూడాలి. రెండింటి చివరా ఉన్న ర్ అనే తోక ఊరికే లేదు. పాత ఇంగ్లీషులో క్రియకు ఈ తోక తగిలిస్తే పని మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు. ల్ తోకదీ అదే పని. స్పార్క్ ఒక్క నిప్పురవ్వ, స్పార్కిల్ అంటే ఆగకుండా మెరుస్తూ ఉండటం. క్రాక్ ఒక్క చప్పుడు, క్రాకిల్ చితచిత మండే పుల్లల చప్పుడు. ప్యాట్ ఒక్క తట్టు, ప్యాటర్ రేకు మీద వాన. మనకిది కొత్త కాదు. తళుక్కున ఒక్కసారి మెరిస్తే, తళతళ ఆగని మెరుపు. గిరుక్కున ఒక్క తిరుగుడు, గిరగిర తిరుగుతూనే ఉండటం. టక్కున, టకటక. ఇంగ్లీషు మాటకు తోక తగిలిస్తుంది, మనం మాటనే రెట్టిస్తాం. ఒక్కసారికి మనకు ప్రత్యేకమైన రూపముంది, పలుమార్లకు ప్రత్యేకమైన రూపముంది. ఈ సంగతి ఒక్క పూట చెబితే ఇంటర్ చదివే పిల్లలకు ఇంగ్లీషులో కొన్ని డజన్ల క్రియల లోగుట్టు తెలిసిపోతుంది. ఇది నేను తరగతిలో చూసి చెబుతున్న మాట.

ఫ్లటర్ పుట్టింది గాలిలో కాదు, నీటిలో. పాత ఇంగ్లీషు ఫ్లోటెరియన్ అంటే అలల మీద అటూ ఇటూ ఊగిసలాడటం. మనందరికీ తెలిసిన ఫ్లోట్ దాని తల్లి. తర్వాత్తర్వాత అది నీటిని వదిలి రెక్కల్లోకీ జెండాల్లోకీ చేరింది. ఫ్లికర్ ఇందుకు సరిగ్గా ఎదురుదారిలో వచ్చింది. పాత ఇంగ్లీషులో అది పిట్ట రెక్కలల్లాడించడం. దీపానికి వాడటం తర్వాత, సుమారు 1600 నాటికి వచ్చిన సంగతి. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళకు రెక్కలదీ జెండాదీ ఫ్లటర్, దీపానిది ఫ్లికర్. తెలుగు ఈ రెండింటినీ విడదీయలేదు. జెండా రెపరెపలాడుతుంది, దీపమూ రెపరెపలాడుతుంది. మనవాళ్ళు చూసింది గాలికి లొంగే పలుచని వస్తువును. అది గుడ్డా మంటా అన్నది వాళ్ళకు ముఖ్యం కాలేదు.

ఫ్లటర్ ఎంత కచ్చితమైన మాటో తెలియాలంటే ఒక వంతెన దగ్గరికి వెళ్ళాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నారోస్ మీద 1940 జులై 1న ఒక వేలాడే వంతెన ప్రారంభమైంది. రెండు స్తంభాల నడుమ 853 మీటర్లు. వంతెన సన్నగా, తేలిగ్గా ఉండటంతో చిన్న గాలికే పైకీ కిందికీ లేచి పడేది. ఆ ఊపు చూసి జనం దానికి గ్యాలపింగ్ గెర్టీ అని పేరు పెట్టారు. గ్యాలప్ గుర్రం దౌడు. లేవడం, పడటం, మళ్ళీ లేవడం. ఆ పేరు ఆ కదలికకు సరిపోయింది. నవంబరు 7 ఉదయం కదలిక మారింది. గంటకు 64 కిలోమీటర్ల గాలిలో రోడ్డు మెలితిరగడం మొదలుపెట్టింది. ఈ అంచు లేస్తే ఆ అంచు దిగుతుంది, మరుక్షణం తిరగబడుతుంది. ఆ మెలితిప్పుడులోనే వంతెన తెగి నీళ్ళలో పడింది. ఇంజనీర్లు ఈ రెండో కదలికకు పెట్టిన పేరు ఫ్లటర్. అప్పటికే విమానాల రెక్కలు గాలికి అదిరి విరగడాన్ని ఆ మాటతోనే పిలిచేవాళ్ళు. గాలి ఊపుతుంది, ఊపుకు వస్తువు వంగుతుంది, ఆ వంపు గాలి నుంచి ఇంకా బలం లాక్కుంటుంది. గ్యాలప్ అని జనం అన్నదీ ఫ్లటర్ అని శాస్త్రజ్ఞులు అన్నదీ రెండూ చూసి పెట్టిన పేర్లే, రెండూ వేర్వేరు కదలికలకు. వేగంగా కదిలింది అనే మాటతో ఈ తేడా చెప్పలేం. గుండె వైద్యులకూ ఈ మాట కావాలి. గుండె పైగదులు నిమిషానికి సుమారు 300 సార్లు, లయ తప్పకుండా కొట్టుకుంటే దాన్ని ఏట్రియల్ ఫ్లటర్ అంటారు. లయ చెదిరిపోతే ఫిబ్రిలేషన్. 

ఫ్లికర్‌కు ఉన్నచోటు మారదు. అదే దాని గుర్తు. దీపం గదిలో తిరగదు, ఉన్నచోటే వెలుగు తగ్గి పెరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అందువల్ల పాత చోకు బిగించిన ట్యూబ్‌లైటు వెలుగు సెకనుకు 100 సార్లు లేచి పడుతుంది. అంత తొందరను కన్ను పట్టలేదు. చోకు పాడైతే పట్టగలిగే వేగానికి వస్తుంది, అప్పుడు తల నొస్తుంది. తొలినాళ్ళ సినిమా తెర మీద బొమ్మ మినుకుమినుకుమనేది కాబట్టి ఇంగ్లీషువాళ్ళు సినిమాలను ఫ్లిక్స్ అన్నారు. తర్వాత సెకనుకు 24 బొమ్మలు స్థిరపడ్డా, ప్రొజెక్టరులో తిరిగే రేకు ఒక్కో బొమ్మనూ రెండుసార్లు వెలిగించేది, ఆ మినుకు కనబడకుండా ఉండటానికి. నెట్‌ఫ్లిక్స్ పేరులో ఆ పాత మినుకు ఇంకా ఉంది. ఫ్లిక్ అనే మరో క్రియ ఉంది, దాన్ని దీనితో కలపకూడదు. ఒక చివర కదలకుండా రెండో చివర చివుక్కున కదిలితే ఫ్లిక్. చిటికెన వేలితో చీమను విదిలించడం, ఆవు తోకతో ఈగను కొట్టడం, బల్లి నాలుక చాచి లాక్కోవడం.

ఫ్లిట్, ఫ్లటర్, ఫ్లికర్, ఫ్లై, ఫ్లాప్, ఫ్లాష్, ఫ్లీ. ఇన్ని మాటల మొదట్లో ఫ్ల్ ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంగ్లీషులో చాలా మంది పూనుకున్నారు. అమెరికా భాషావేత్త లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933లో వచ్చిన తన పుస్తకంలో ఫ్ల్‌ను రెండు గుంపులుగా చూపించాడు. కదిలే వెలుగు ఒకటి, గాలిలో కదలిక రెండోది. అంతకు మూడేళ్ళ ముందే, 1930లో, జె. ఆర్. ఫర్త్ ఇలాంటి ధ్వనిముక్కలకు ఫోనెస్థీమ్ అని పేరు పెట్టాడు. ఫర్త్ మనకు పరాయివాడు కాదు. లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పాడు. 1937లో మళ్ళీ మనదేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ పరిశోధించాడు. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో, బ్రిటన్‌లోనే మొట్టమొదటి సామాన్య భాషాశాస్త్ర ఆచార్య పదవి ఆయనకు దక్కింది.

ధ్వనిలోనే పుట్టుకతో అర్థం ఉంటుందని ఫర్త్ అనలేదు. ఫ్ల్ అనే ధ్వనిలోనే తేలికదనం ఉంటే ఫ్లోర్, ఫ్లోర్ మిల్లులోని ఫ్లోర్, ఫ్లెష్, ఫ్లాట్ అనే మాటలకు ఆ గుణం ఎందుకు రాలేదు? నేల కన్నా కదలనిది ఏముంది? ఫర్త్ దృష్టిలో ఇది ఒక అలవాటు. ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు ఒకే రకం సందర్భాల్లో చాలాకాలం తిరిగితే, ఆ ధ్వనికి ఆ సందర్భాల వాసన అంటుకుంటుంది. నా నమ్మకం ఇంకో అడుగు ముందుకు పోతుంది. ఇప్పటిదాకా చెప్పిన చరిత్రను మళ్ళీ తలచుకోండి. ఫ్లటర్ అలల నుంచి వచ్చింది, ఫ్లికర్ రెక్కల నుంచి వచ్చింది, ఫ్లిట్ మంచాలూ పెట్టెల నుంచి వచ్చింది. మూడూ వేర్వేరు చోట్ల మొదలై, తేలికైన చురుకు కదలిక అనే ఒకే చోటుకు చేరాయి. పక్క మాటల ధ్వని వాటిని ఆ వైపుకు లాగింది. పిట్టను చూసినవాడికి ఫ్ల్‌తో మొదలయ్యే మాట నోటికి తొందరగా వచ్చింది. అలా ఎన్నో తరాలు చూశాయి, మాట్లాడాయి.

స్కిమ్ నాకు ఈ గుంపులో అన్నిటికన్నా ఇష్టమైన క్రియ. మొదట దాని అర్థం వంటింటిది, కాగే ద్రవం మీద తేలిన నురుగు తీసెయ్యడం. గరిటె నురుగును మాత్రమే తాకాలి, లోతుకు పోకూడదు. ఆ తాకిడే తర్వాత పిట్ట ఎగురుడుకు వచ్చింది. కాకినాడ తీరంలో, కోరింగకు దగ్గరలోని బురదమేటల మీద చలికాలం స్కిమ్మర్ అనే పక్షులు దిగుతాయి. నల్ల వీపు, తెల్ల కడుపు, నారింజ రంగు ముక్కు. ఆ ముక్కులో కింది దవడ పై దవడ కన్నా పొడుగు. పక్షుల్లో ఇంత అరుదైన ముక్కు ఎందుకో అది మేతకు దిగినప్పుడు తెలుస్తుంది. నీటికి చాలా దగ్గరగా, రెక్కలు నీటికి తగలనంత పైకి ఎత్తి ఎగురుతూ, కింది దవడను మాత్రమే నీటిలో దించి గీత గీసుకుంటూ పోతుంది. దవడకు చేప తగిలిన క్షణాన పై దవడ మూసుకుంటుంది. తల ఒక్కసారి కిందికి వంగి లేస్తుంది, ఎగురుడు ఆగదు. మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా తాకుతూనే ఉండటం, మునగకుండా ఉండటం. స్కిమ్ అంటే ఈ రెండూ కలిసి. ఈ జాతిని ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న పక్షుల్లో చేర్చారు. ఆ పక్షి పోతే ఆ క్రియకు మన తీరంలో ఉన్న సాక్ష్యం పోతుంది.

పుస్తకాన్ని స్కిమ్ చెయ్యడం, వెన్న తీసిన పాలు స్కిమ్డ్ మిల్క్ కావడం, ఏటీఎంలో కార్డు సమాచారాన్ని దొంగ పరికరం పైపైన లాగేస్తే మన దినపత్రికలు స్కిమ్మింగ్ అని రాయడం, అన్నీ ఆ గరిటె నుంచే.

నేల మీద కదలికకు వచ్చేసరికి ధ్వని మారుతుంది. స్కటిల్, స్కరీ, స్కడ్, స్క్యాంపర్, స్కిటర్. ఇసుక పీత నడుస్తుంటే చూడండి. శరీరం నేలకు దగ్గరగా, కాళ్ళన్నీ ఒకేసారి ఆడుతూ, పక్కకు. స్కటిల్ అదే. పొట్టి కాళ్ళు చాలా ఉండాలి, నేల కావాలి, దాక్కునే చోటు కావాలి. స్కరీలో తొందరే ఉంటుంది, దాక్కోవడం ఉండకపోవచ్చు. వాన మొదలైతే ఆఫీసు వదిలిన జనం స్కరీ అవుతారు. స్క్యాంపర్ ఒకప్పుడు యుద్ధరంగం నుంచి పారిపోయే సైనికుల మాట, ఇప్పుడు కుక్కపిల్లలదీ చిన్నపిల్లలదీ. మన పత్రికల్లో ఎవరో ఒక ఒప్పందాన్ని స్కటిల్ చేశారని వస్తే దానికీ పీతకూ సంబంధం లేదు. ఓడకు కన్నం పెట్టి ముంచడం నుంచి వచ్చిన వేరే మాట అది. బొగ్గు బుట్టను స్కటిల్ అనడం మూడోది.

ఇంగ్లీషుకు ఇన్ని క్రియలు అవసరమైన కారణాన్ని భాషావేత్త లెనార్డ్ టాల్మీ 1985లో రాసిన వ్యాసంలో చక్కగా పట్టుకున్నాడు. ఇంగ్లీషు కదలిక తీరును క్రియలో పెడుతుంది, దారిని పక్కనున్న చిన్న మాటకు అప్పగిస్తుంది. డార్ట్ ఇన్, డార్ట్ అవుట్, డార్ట్ అక్రాస్. స్పానిష్ లాంటి భాషలు దారిని క్రియలో పెడతాయి, లోపలికి వచ్చింది, బయటికి వెళ్ళింది అన్నట్టు. ఈ తేడా కథ చెప్పేటప్పుడు ఎలా కనబడుతుందో డాన్ స్లోబిన్, రూత్ బెర్మన్ అనే పరిశోధకులు చూపించారు. మెర్సర్ మేయర్ 1969లో వేసిన మాటల్లేని బొమ్మల పుస్తకం ఒకటుంది. కప్ప తప్పిపోతుంది, పిల్లవాడూ కుక్కా వెతుకుతారు. ఆ బొమ్మలు చూపించి ఇంగ్లీషు, జర్మన్, స్పానిష్, హీబ్రూ, టర్కిష్ మాట్లాడేవాళ్ళ చేత కథ చెప్పించారు, 1994లో పుస్తకం వేశారు. ఇంగ్లీషు, జర్మన్ పిల్లలు కదలిక తీరును తరచుగా చెప్పారు. మిగతా మూడు భాషల వాళ్ళు వచ్చింది పోయింది అని, చుట్టూ ఉన్న దృశ్యాన్ని చెప్పారు.

తెలుగు ఎక్కడ నిలుస్తుంది? క్రియ వరకే చూస్తే మనం స్పానిష్ పక్కన ఉన్నట్టు అనిపిస్తుంది. వచ్చింది, పోయింది, దూరింది, ఎక్కింది. కానీ క్రియకు ముందు చూడండి. రివ్వున వచ్చింది. తుర్రుమని పోయింది. సర్రున దూరింది. చెంగున గెంతింది. చటుక్కున అందుకుంది. పిల్లలు బిలబిలమంటూ బయటికి వచ్చారు. పాము జరజరా పాకింది. ఇంగ్లీషు క్రియలో దాచిన తీరునంతా మనం క్రియ ముందు నిలబెట్టుకున్నాం. మరీ ఎక్కువ నిలబెట్టుకున్నాం కూడా. బుడిబుడి అడుగులు, గునగున నడక, వడివడి నడక అనే మూడింటికీ ఇంగ్లీషువాడు వెతుక్కోవాలి. భాషావేత్త మర్రే ఎమెనో 1969లో ఈ ధ్వనుల మాటలపైనే పెద్ద వ్యాసం రాశాడు. ద్రావిడ భాషలూ ఆర్యభాషలూ ఈ విషయంలో ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయని, భారతదేశాన్ని ఒక భాషాప్రాంతంగా చూపడానికి ఇవి సాక్ష్యమని ఆయన చూపించాడు.

ఇంత సంపద ఉండి కూడా మన బడుల్లో చేతికొచ్చే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు చాలావాటిలో ఈ మాటలు అర్థాల స్థానంలో కనబడవు. ఇవి చిన్నపిల్లల మాటలని, రాతకు పనికిరావని ఒక భావం పాతుకుపోయింది. అందుకే డార్ట్ దగ్గర వేగంగా కదులు, ఫ్లిట్ దగ్గర వేగంగా కదులు. అనువాదకుడు ఆ నిఘంటువు పట్టుకుని కూర్చుంటే ఇంగ్లీషు కథలో ప్రాణమున్న పిట్టలన్నీ తెలుగులోకి వచ్చేసరికి బస్సుల్లా కదులుతాయి. మాస్టారికి బాధ కలిగించింది ఇదే. ఆయన ఇంగ్లీషును ప్రేమించారు, తెలుగును అంతకన్నా ఎక్కువ ప్రేమించారు. ఒక భాషలో ఎవరో ఓపిగ్గా చూసినదాన్ని రెండో భాషలోకి చేరుస్తూ పోగొట్టడం ఆయనకు సహించేది కాదు.

ఈ సభలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక పని అడుగుతాను. వచ్చే నెల మీ పిల్లలకు బల్లిని, పీతను, తేనెపిట్టను, చెరువు మీద ఎగిరే తూనీగను చూపించి మాట చెప్పించండి. నిఘంటువులో మాట అడగొద్దు, ఇంట్లో అమ్మా నాన్నా అమ్మమ్మా ఏమంటారో అడగండి. సిక్కోలు పిల్లవాడు చెప్పేదీ, పాలమూరు పిల్ల చెప్పేదీ, అనంతపురం ఇంటి మాటా వేర్వేరు కావచ్చు. అన్నీ కావాలి. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. మాట, ఊరు, ఏ ప్రాణికి అన్నారు, నేల మీదా నీటి మీదా గాలిలోనా, ఒక్కసారి కదిలితేనా పలుమార్లు కదిలితేనా, రెండు చివర్లా ఆగిందా. ఆ కార్డులు మన దగ్గరికి చేరితే నిఘంటువులో డార్ట్ దగ్గరా ఫ్లిట్ దగ్గరా స్కటిల్ దగ్గరా ఏమి అచ్చువెయ్యాలో పిల్లలే చెబుతారు. మొదటి కట్ట కార్డులు నేను ఈ రోజు వెంట తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. తీసుకెళ్ళండి.